తెలుగు మీడియమా, ఇంగ్లీష్ మీడియమా? సీతంపేట పిల్లలకి రెండూ పరాయి భాషలే!

ఈ ఎపిసోడ్‌లో స్కూల్ మీడియం గురించి మాట్లాడుకుందాం. ఈ టాపిక్ ఎత్తగానే మనం రెండు టీములైపోతాం. ఒక టీమ్ ఇంగ్లీష్ లేకపోతే ఉద్యోగం లేదంటుంది, ఇంకో టీమ్ అమ్మభాష ఏమైపోవాలి అంటుంది. 2019 నవంబర్‌లో మన ప్రభుత్వం సర్కారీ బడులని ఇంగ్లీష్ మీడియం చేస్తూ జీవోలు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. అప్పుడు టీవీల్లో ఎంత గొడవ జరిగిందో గుర్తుందా? ఆ గొడవలో పెద్దగా వినిపించని పిల్లలు కొందరున్నారు. ఇవాళ వాళ్ళ గురించి చెప్తాను.

సీతంపేట ఏజెన్సీకి వెళ్దాం. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. ఆ కొండల మీద సవరలు ఉంటారు. వాళ్ళ ఇంట్లో మాట్లాడేది సవర భాష. చాలామంది అదేదో తెలుగు యాస అనుకుంటారు. కాదు! తెలుగు ద్రావిడ భాష. సవర ముండా భాష, అంటే దాని చుట్టాలు సంతాలీ, ముండారీ లాంటివి. ఉదాహరణకి నీళ్ళకి సవర మాట ఇంచుమించు 'డాఆ' అని వినిపిస్తుంది, మధ్యలో గొంతు టక్కున ఆగుతుంది. ఆ ఆగే ధ్వనికి మన అఆఇఈల్లో అక్షరమే లేదు.

ఇప్పుడు ఆరేళ్ళ పిల్ల ఒకటో తరగతిలో కూర్చుందనుకోండి. టీచర్ బోర్డు మీద 'నీరు' అని రాశారు. చదవడం ఎలా పని చేస్తుందో చూడండి. అక్షరం చూస్తాం, దాని ధ్వని గుర్తొస్తుంది, ధ్వనులు కలిపితే మాట అవుతుంది, ఆ మాట అప్పటికే మన బుర్రలో ఉంటుంది కాబట్టి అర్థం వెలుగుతుంది. ఈ పిల్లకి మూడో మెట్టు దాకా ఓకే. నాలుగో మెట్టు లేదు, 'నీరు' అనే మాట ఆ ఇంట్లో ఎవరూ అనరు కాబట్టి. గట్టిగా చదువుతుంది, చూసి రాస్తుంది, దస్తూరీ కూడా బాగుంటుంది. అర్థం మాత్రం సున్నా. దీన్ని మనం 'పిల్ల డల్' అని తేల్చేస్తాం.

ఈ సంగతి వందేళ్ళ కిందటే పట్టుకున్న మనిషి మన జిల్లా వారే. గిడుగు రామమూర్తి గారు, 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరిపేది ఆయన పుట్టినరోజునే. వాడుక భాష కోసం పోరాడారని టెక్స్ట్‌బుక్‌లో చదివాం. అంతకుముందే పర్లాకిమిడిలో టీచర్‌గా ఉంటూ, తెలుగు వచ్చిన సవర మనిషి దగ్గర ఆ భాష నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. ఆ పుస్తకాలకి ప్రభుత్వం డబ్బు ఇస్తామంటే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండి అన్నారట. 1931లో ఆయన సవర వ్యాకరణం మద్రాసులో అచ్చయింది.

అంటే ఆయన తెలుగు కోసం అడిగిందీ, సవర కోసం చేసిందీ ఒక్కటే: పిల్లలకి అర్థమయ్యే మాటతో చదువు మొదలుపెట్టాలి.

ఇక్కడ మీకు డౌట్ రావాలి. సవరలో చదివితే ఉద్యోగం ఎలా వస్తుంది బ్రో? కరెక్ట్ ప్రశ్న. ఇంగ్లీష్ కావాలి. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసింది ఇంగ్లీష్ పుణ్యమే. కానీ కోడింగ్ తెలిసినవాళ్ళని అడగండి. బీటెక్‌లో నేను ముందు సీ నేర్చుకున్నాను, తర్వాత జావా, పైథాన్. లూప్ అంటే ఏంటో మూడుసార్లు నేర్చుకోలేదు, ఒక్కసారే. తర్వాత రాసే పద్ధతి మారిందంతే. చదవడం కూడా అంతే. ఒక భాషలో చదివి అర్థం చేసుకోవడం వచ్చేస్తే, అది రెండో భాషకీ పనికొస్తుంది. మొదటిదే రాకపోతే మూడో భాష దేని మీద నిలబడుతుంది? ఇంగ్లీష్ ఒక సబ్జెక్ట్‌గా బాగా నేర్పడం వేరు, ఆరేళ్ళ పిల్లకి లెక్కలూ సైన్సూ అన్నీ తెలియని భాషలో చెప్పడం వేరు.

ఇది గాల్లో మాట కాదు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కోయ, గోండి లాంటి ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది. పుస్తకాలు తెలుగు లిపిలోనే, మాటలు మాత్రం పిల్లల ఇంటివి. మొదట్లో సవర ఎక్కువ, పై క్లాసులకి వెళ్ళేకొద్దీ తెలుగు పెరుగుతుంది. వంతెన లాగా అన్నమాట. చట్టం కూడా ఇటే ఉంది. రాజ్యాంగం 350ఏ అధికరణం భాషా మైనారిటీ పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే సదుపాయం కల్పించమంటుంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలంటుంది.

మరి చిక్కు ఎక్కడ? 'వీలైనంతవరకు' అన్న మాట దగ్గర. పుస్తకం అచ్చువేస్తే సరిపోదు, సవర వచ్చిన టీచర్ ఉండాలి. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని. కోర్టు లెక్క కోర్టుది. కానీ క్లాసులో పిల్ల 'డాఆ' అంటే అర్థమయ్యే టీచర్ ఎక్కడి నుంచి రావాలి? పోస్టింగ్ ఇచ్చేటప్పుడు ఆ భాష వచ్చా అని అడగొచ్చు, రాకపోతే నేర్పించొచ్చు. గిడుగు గారు ఏ ట్రైనింగూ లేకుండా నేర్చుకున్నారు కదా!

కొండ దిగితే మనకీ ఇదే కథ, కాస్త చిన్న సైజులో. 'ఏటి', 'ఎల్లిపోనాడు', 'ఒగ్గేయ్' అని క్లాసులో అంటే నవ్వే టీచర్లని నేనూ చూశాను. అలా నవ్వించుకున్న గుంటడు తర్వాత చెయ్యెత్తి డౌట్ అడగడు. అక్కడ ఆగిపోయేది వాడి యాస కాదు, వాడి చదువు.

కాబట్టి ఈసారి ఎవరైనా 'ఏ మీడియం మంచిది' అంటే, 'ఏ పిల్లకి' అని తిరిగి అడగండి. మీలో సవర, కువి, ఒడియా ఇంట్లో మాట్లాడేవాళ్ళుంటే, ఒకటో తరగతిలో మీకు మొదట అర్థం కాని మాట ఏదో కామెంట్‌లో రాయండి. చదువుతాను. ఉంటాను మరి!