దావాకు ముందే రాజీ మాట

వ్యాపార తగాదాలో ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి, వాటితో సంబంధం లేని మూడో మనిషి సాయంతో ఒప్పందం కుదర్చడమే మధ్యవర్తిత్వం. ఆ మూడో మనిషి తీర్పు చెప్పడు. ఆర్బిట్రేషన్‌లో అయితే వచ్చిన తీర్పుకు, అంటే అవార్డుకు, ఇష్టమున్నా లేకున్నా కట్టుబడాలి. మధ్యవర్తి దగ్గర మాత్రం ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెడితేనే ఏదైనా తేలినట్టు.

మన దేశంలో 2018 నుంచి ఇది వాణిజ్య దావాలకు తప్పనిసరి మెట్టు. 2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టాన్ని 2018లో సవరించి 12ఎ సెక్షన్ చేర్చారు. ఈ కోర్టులకు వెళ్లే వివాదాల కనీస విలువను కోటి రూపాయల నుంచి 3 లక్షలకు తగ్గించిందీ ఆ సవరణే. దాంతో చిన్న వ్యాపారి బాకీ కూడా దీని పరిధిలోకి వచ్చింది. అత్యవసరంగా మధ్యంతర ఉత్తర్వు కావాల్సిన కేసుల్లో తప్ప, మధ్యవర్తిత్వానికి ప్రయత్నించకుండా దావా వేయకూడదు. అయినా నేరుగా కోర్టుకెక్కేవాళ్లు ఉండేవారు. పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. ఈ మెట్టు దాటకుండా వచ్చిన దావాలను 2022 ఆగస్టు 20 నుంచి తిరస్కరించాల్సిందేనని చెప్పింది.

గుంటూరులో మిర్చి అమ్మిన వ్యాపారికి 8 లక్షలు రావాలనుకుందాం. సరుకు నాసిరకమంటూ కొన్నవాళ్లు డబ్బు ఆపేశారు. అమ్మిన వ్యాపారి వెయ్యి రూపాయల ఫీజుతో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకుంటాడు. సంస్థ అవతలివాళ్లకు నోటీసు పంపుతుంది. వాళ్లు రాకపోతే ఆ మేరకు నివేదిక ఇస్తుంది, ఇక దావా వేసుకోవచ్చు. వస్తే మధ్యవర్తిని నియమిస్తుంది. ఈ వివాదానికి మధ్యవర్తిత్వ ఫీజు 15,000 రూపాయలు, అదీ చెరిసగం. 3 కోట్లు దాటిన తగాదాకైనా 75,000 రూపాయలే. గడువు 3 నెలలు, ఇద్దరూ సరేనంటే మరో 2 నెలలు. ఈ కాలాన్ని దావా వేసే గడువులో (లిమిటేషన్‌లో) లెక్కపెట్టరు.

మధ్యవర్తి ఇద్దరితో కలిపీ మాట్లాడతాడు, విడివిడిగానూ మాట్లాడతాడు. చిక్కుముడి విడేది ఎక్కువగా ఆ విడి మాటల్లోనే. సరుకులో లోపం కంటే చేతిలో డబ్బాడకపోవడమే అసలు కారణమైతే, ఎదుటివాడి ముందు నోరు విప్పని కొన్న వ్యాపారి అక్కడ చెప్పుకోగలడు. అక్కడి మాటలను రికార్డు చేయకూడదు, తర్వాత కోర్టులో సాక్ష్యంగా వాడకూడదు. ఆ ధైర్యంతోనే కొత్త ప్రతిపాదనలు వస్తాయి. ధర కొంత తగ్గించుకోవచ్చు, మిగతాది వాయిదాల్లో కట్టుకోవచ్చు, వచ్చే సీజన్ సరుకు కూడా వాళ్లకే ఇచ్చేలా మాట అనుకోవచ్చు. కోర్టు దావాలో అడిగినదాని మేరకే డిక్రీ ఇస్తుంది, రేపటి వ్యాపారం దాని పని కాదు. మళ్లీ మళ్లీ అదే మార్కెట్ యార్డులో ఎదురుపడాల్సిన మనుషులకు ఇలాంటి రాజీకి మించిన లాభం లేదు.

కుదిరిన ఒప్పందం ఉత్త కాగితం కాదు. 12ఎ కింద దానికి ఆర్బిట్రేషన్ అవార్డుతో సమానమైన విలువ ఉంటుంది. మాట తప్పితే కొత్తగా దావా వేయక్కర్లేదు, నేరుగా అమలుకు కోర్టును అడగవచ్చు.

2023లో మధ్యవర్తిత్వానికే ప్రత్యేకంగా చట్టం వచ్చింది. కొన్ని సెక్షన్లు ఆ ఏడాది అక్టోబరులో అమల్లోకి వచ్చాయి. సంస్థల ద్వారా రాజీ చేసుకోవాలనుకునే పెద్ద కంపెనీల కోసం హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మధ్యవర్తిత్వ కేంద్రం ఉంది. 2021 డిసెంబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ దాన్ని ప్రారంభించారు.

అన్ని తగాదాలూ మధ్యవర్తి దగ్గర తెగవు. ఫోర్జరీ, తీవ్రమైన మోసం ఆరోపణలున్న కేసులు కోర్టులోనే తేలాలి. నోటీసు అందినా రానివాళ్లకు 12ఎ కింద శిక్ష లేకపోవడం పెద్ద లోటు. తప్పనిసరి అన్న మాట దరఖాస్తుదారుకే వర్తించి, ఎదుటివాళ్లకు ఐచ్ఛికంగా మిగిలిపోయింది. దీన్ని సరిదిద్దాలి.

ఇలాంటి నోటీసు వచ్చిన వ్యాపారి దాన్ని పక్కన పడేయకూడదు. వెళ్లినంత మాత్రాన బాకీ ఒప్పుకున్నట్టు కాదు. బిల్లులు, ఖాతా కాగితాలు పట్టుకుని, అక్కడికక్కడే నిర్ణయం తీసుకోగల మనిషే వెళ్లాలి.