బర్డ్ ఫ్లూ ప్రమాదం తినేవారికా, కోసేవారికా?

ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో జుమా నమాజు ముగించుకొని బయటికి వచ్చేవారిలో చాలామంది చేతిసంచితో నేరుగా చికెన్ దుకాణానికే వెళతారు. బర్డ్ ఫ్లూ వార్త పేపర్లో పడిందంటే మాత్రం ఆ దుకాణాలు వెలవెలబోతాయి. అప్పుడు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే: "హజ్రత్, చికెన్ తినొచ్చా, వద్దా?" ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కాని అడగవలసినవాడు అడగడం లేదన్నదే మా బాధ. పొద్దుటి నుంచి రాత్రిదాకా కోళ్లు కోసే కుర్రవాడు "నాకేమైనా అవుతుందా?" అని ఏనాడూ అడగలేదు.

ఈ జబ్బు మనకు దూరపు కబురేమీ కాదు. 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో హెచ్5ఎన్1 వైరస్ బయటపడి, లక్షకు పైగా కోళ్లను చంపి పూడ్చవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో చౌటుప్పల్ మండలం నేలపట్లలో, ఏప్రిల్‌లో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం బాటసింగారంలో మళ్లీ కనిపించింది. ఉప్పల్ నుంచి ఈ ఊళ్లలో దేనికైనా పూట ప్రయాణం కూడా పట్టదు.

ఆ ఫిబ్రవరిలోనే కోళ్ల పరిశ్రమవారు ఉప్పల్‌లో మేళా పెట్టి కోడికూర, గుడ్లు ఉచితంగా వడ్డించారు. జనం బారులు తీరారు. ఆ మేళా చెప్పిన మాట నిజమే. 70 డిగ్రీల వేడికి ఈ వైరస్ బతకదు. మన ఇళ్లలో కూర అంతకు మించే ఉడుకుతుంది, బిర్యానీ సంగతి చెప్పనే అక్కరలేదు. ఉడికిన ముక్కతో భయం లేదు. అయితే ఆ ముక్క గిన్నెలోకి రాకముందు ఎవరెవరి చేతులు దాటి వచ్చిందో మేళాలో ఎవరూ చెప్పలేదు.

1997లో హాంకాంగ్‌లో ఈ వైరస్ మొదటిసారి మనుషులకు సోకినప్పుడు 18 మంది జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. 2003 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకు వచ్చినవారు సుమారు వెయ్యిమంది. వారిలో దాదాపు సగం మంది బతకలేదు. సోకడం బహు అరుదు, సోకితే ప్రాణాంతకం. మనిషి నుంచి మనిషికి తేలికగా పాకదు. జబ్బుపడినవారిలో అత్యధికులు రోగపు కోళ్లనో చచ్చిన కోళ్లనో ముట్టుకున్నవారు, కోసినవారు, ఈకలు పీకినవారు, లేదా బతికున్న కోళ్లను అమ్మే బజార్లలో తిరిగినవారు.

పల్నాడు జిల్లా పాప ఉదంతం చూడండి. రెండేళ్ల ఆ బిడ్డ ఇంట్లో కూరకు తెచ్చిన కోడిమాంసంలో పచ్చి ముక్క తిన్నది. 2025 మార్చి 16న మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. పుణెలోని వైరాలజీ సంస్థ అది హెచ్5ఎన్1 అని తేల్చింది. ఇంట్లో మిగిలినవారికి జబ్బు సోకలేదు. వంటింట్లో మాంసం కడిగే తల్లులు, పక్కన ఆడుకునే పసివాళ్లను ఆ కాసేపు దూరంగా ఉంచండి. మాంసం కోసిన కత్తితో, పీటమీద ఉల్లిగడ్డలు, కొత్తిమీర తరగకండి.

ఇక మనవారిలో ఉన్న ఒక అలవాటు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. పెంచుకున్న కోడి కునికిపాట్లు పడుతుంటే, చచ్చి హరామ్ అయిపోతుందేమోనని హడావుడిగా జబహ్ చేస్తారు. ఊపిరి ఉండగా చేసిన జబహ్‌తో మాంసం హలాల్ అవుతుందేమో గాని, రోగం ఎక్కడికి పోతుంది? ఆ రక్తం, ఆ రెట్ట, ఆ తడి ఈకలు మన చేతుల మీదుగానే కంటికి, ముక్కుకు చేరతాయి. నాలుగు కోళ్లు ఒక్కసారిగా వాలిపోతే ముట్టుకోకండి, పశువైద్యశాలకు కబురు చేయండి.

దుకాణంవారిని మాస్కు కట్టుకోమంటే, "అల్లాహ్ రాసిందే అవుతుంది సాబ్" అంటారు. సిరియాకు బయలుదేరిన హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ వద్ద ప్లేగు వార్త విని వెనుదిరిగారు. ఆయనకు మనకన్నా తక్కువ విశ్వాసమా?

మరొకటి మేము కళ్లారా చూస్తున్నాం. అజాన్ వినగానే కుర్రవాళ్లు కత్తి పక్కన పెట్టి పరుగున వచ్చి వుజూకు కూర్చుంటారు. చేతుల మీద ఉత్త నీళ్లు పోసుకొని, అదే చేత్తో పుక్కిలిస్తారు, ముక్కులోకి నీళ్లు ఎక్కిస్తారు. బేటా, ముందు దుకాణంలోనే మోచేతులదాకా సబ్బుతో రుద్ది కడుక్కో, తర్వాత వుజూకు రా. సబ్బు నురుగుకు ఈ వైరస్ పైపొర కరిగిపోతుంది. గ్లవ్జులు, మాస్కు కొనివ్వడం యజమాని పని. ఈకల మిషన్ దగ్గర నిలబడేవాడికి అవి మరీ అవసరం.

రోగపు కోళ్లను ముట్టుకున్నాక పదిరోజుల్లోపు జ్వరం, దగ్గు, కళ్ల ఎరుపు, ఆయాసం వస్తే మెడికల్ షాపు గోలీతో సరిపెట్టుకోవద్దు. దీనికి మందు ఉంది. మొదటి రెండు రోజుల్లో వేసుకుంటే బాగా పనిచేస్తుంది. నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆస్పత్రి ఉన్నా, ఇద్దరు ముగ్గురు పనిచేసే చిన్న దుకాణానికి ఆ చట్టం వర్తించదు. కనుక మన కుర్రవాళ్లకు బస్తీ దవాఖానా, ఆపైన గాంధీ ఆస్పత్రే దిక్కు. ఎక్కడికి వెళ్లినా డాక్టరు అడిగేదాకా ఆగకుండా, "కోళ్ల దుకాణంలో పనిచేస్తాను, ఈ వారం కోళ్లు చచ్చాయి" అని ముందే చెప్పాలి. వట్టి జ్వరమంటే వట్టి జ్వరానికే మందు రాస్తారు.