ట్రాక్టరు చక్రాల జారుడు – నియంత్రణ, భద్రత

ఇంజను ఎంత శక్తివంతమైనదైనా ఆ శక్తి పనిగా మారేది వెనుక టైర్లు నేలను తాకే చోటనే. అక్కడ పట్టు చాలకపోతే చక్రం తిరుగుతుంది గాని ట్రాక్టరు ముందుకు సాగదు. డీజిలు వృథా అవుతుంది, టైర్లు అరుగుతాయి, తడి నేల నలిగి గట్టిపడుతుంది. బురదలో కూరుకుపోయిన ట్రాక్టరును తొందరపడి బయటికి తీయబోయి డ్రైవర్లు ప్రాణాలు కోల్పోయే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి చక్రాల జారుడును అదుపులో ఉంచడం ఇంధన పొదుపుకే కాక ప్రాణరక్షణకూ అవసరం.

ఆధునిక కార్లలో ఈ పనిని ట్రాక్షన్ కంట్రోల్ అనే వ్యవస్థ చేస్తుంది. ప్రతి చక్రం వేగాన్ని సెన్సార్లు గమనిస్తుంటాయి. ఒక చక్రం మిగిలిన వాటికంటే వేగంగా తిరిగితే కంప్యూటరు దానికి మాత్రమే బ్రేకు వేస్తుంది, అవసరమైతే ఇంజను శక్తిని తగ్గిస్తుంది. రైతులు సాధారణంగా వాడే ట్రాక్టర్లలో ఇటువంటి కంప్యూటరు ఉండదు. కాని అదే పని చేయగల సాధనాలు ట్రాక్టరులో ఉన్నాయి. వాటిని ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వదలాలో డ్రైవరు తెలుసుకోవాలి.

చక్రం ఎందుకు జారుతుంది?

మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం నడవాలి. ఇందుకు వీలుగా వెనుక ఇరుసులో డిఫరెన్షియల్ అమర్చి ఉంటుంది. ఇది రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది గాని తిప్పుడు బలాన్ని రెండింటికీ సమానంగానే పంచుతుంది. చిక్కు ఇక్కడే వస్తుంది. ఒక చక్రం బురదలో ఉండి స్వల్ప బలాన్ని మాత్రమే నిలుపుకోగలిగితే, గట్టి నేలపై ఉన్న రెండవ చక్రానికి కూడా అంతే స్వల్ప బలం అందుతుంది. ఫలితంగా బురదలోని చక్రం గిరగిర తిరుగుతుంది, గట్టి నేలపై ఉన్న చక్రం కదలక నిలిచిపోతుంది.

జారుడు ఎంత ఉండాలి?

జారుడు అసలే ఉండకూడదనుకోవడం పొరపాటు. టైరు గట్లు మట్టిని కొద్దిగా వెనక్కి నెడితేనే లాగుడు బలం పుడుతుంది. గట్టి నేలలో 8 నుండి 10 శాతం, దున్నిన నేలలో 11 నుండి 13 శాతం, మెత్తని లేదా ఇసుక నేలల్లో 14 నుండి 16 శాతం జారుడు ఉన్నప్పుడు ట్రాక్టరు లాగుడు సామర్థ్యం ఎక్కువగా ఉంటుంది.

దీన్ని కొలవడానికి ఒక సుద్దముక్క, ఒక టేపు చాలు. వెనుక టైరుపై గుర్తు పెట్టి, పనిముట్టును పైకెత్తి, చక్రం 10 చుట్లు తిరిగేలా ట్రాక్టరును నడిపి ఆ దూరాన్ని కొలవాలి. అదే పొలంలో, అదే గేరులో పనిముట్టును దించి దున్నుతూ మళ్లీ 10 చుట్ల దూరం కొలవాలి. మొదటి దూరం 40 మీటర్లు, రెండవది 35 మీటర్లు అయితే తేడా 5 మీటర్లు, అంటే జారుడు 12.5 శాతం. రెండవ దూరం 28 మీటర్లే వస్తే జారుడు 30 శాతం. జారుడే లేకుంటే 7 గంటల్లో ముగిసే దుక్కికి 30 శాతం జారుడుతో 10 గంటలు పడుతుంది.

టైరు వదిలిన అచ్చులు కూడా స్థూలంగా పరిస్థితిని తెలుపుతాయి. గట్ల అచ్చు చెక్కుచెదరక స్పష్టంగా ఉంటే బరువు ఎక్కువైనట్లు, పూర్తిగా చెరిగిపోతే బరువు చాలనట్లు, గట్ల మధ్య మట్టి కొద్దిగా విరిగి ఉంటే సరిపోయినట్లు గ్రహించాలి.

బరువు, గాలి పీడనం

పట్టు చాలనప్పుడు వెనుక చక్రాలకు ఇనుప దిమ్మలు బిగించడం గాని, టైర్లలో నీరు నింపడం గాని చేయవచ్చు. నీటిని టైరు పరిమాణంలో 75 శాతానికి మించి నింపకూడదు. మిగిలిన భాగంలో గాలి ఉంటేనే టైరు కుదుపులను తట్టుకుంటుంది. రోటావేటర్ వంటి పనిముట్లకు పీటీఓ ద్వారా శక్తి అందుతుంది కనుక వాటికి లాగుడు బలం తక్కువే సరిపోతుంది. అదనపు బరువును బరువైన దుక్కి ముగియగానే తొలగించాలి. అక్కర లేని బరువు ఇంధనాన్ని తినడమే కాక నేలను అణచివేస్తుంది.

గాలి ఎక్కువైతే టైరు నేలను తాకే వైశాల్యం తగ్గి పట్టు సడలుతుంది. పొలం పనికి, రోడ్డు రవాణాకు వేర్వేరు పీడనాలు అవసరం. తయారీదారు పుస్తకంలో సూచించిన మేరకు వాటిని మార్చుకోవాలి.

డ్రాఫ్ట్ కంట్రోల్

హ్యారీ ఫెర్గుసన్ రూపొందించిన మూడు బిందువుల అనుసంధానం, హైడ్రాలిక్ డ్రాఫ్ట్ నియంత్రణ 1936లో వచ్చిన ఫెర్గుసన్-బ్రౌన్ ట్రాక్టరుతో రైతులకు అందాయి. గట్టి నేల తగిలి నాగలిపై లాగుడు భారం పెరిగినప్పుడు హైడ్రాలిక్ వ్యవస్థ నాగలిని కొద్దిగా పైకి లేపుతుంది. దాంతో భారం తగ్గుతుంది, నాగలి బరువులో కొంత వెనుక చక్రాలపైకి మారి పట్టు పెరుగుతుంది. నాగలి, కల్టివేటర్ వంటి లాగుడు పనిముట్లకు డ్రాఫ్ట్ కంట్రోల్ లివరును వాడాలి. లివరును ఎప్పుడూ పొజిషన్ కంట్రోల్‌లోనే ఉంచితే ఈ ప్రయోజనం దక్కదు.

డిఫరెన్షియల్ లాక్, విడి బ్రేకులు

డిఫరెన్షియల్ లాక్ పెడల్ నొక్కినప్పుడు రెండు వెనుక చక్రాలు ఒకే వేగంతో తిరుగుతాయి. అప్పుడు గట్టి నేలపై ఉన్న చక్రం తన పూర్తి పట్టును వినియోగించుకోగలదు. దీని వాడకంలో ఈ జాగ్రత్తలు పాటించాలి.

1. బురద చోటు రాకముందే లాక్ వేయాలి. ఒక చక్రం అప్పటికే జోరుగా తిరుగుతుంటే క్లచ్ నొక్కి, చక్రం ఆగిన తరువాతే వేయాలి. లేకపోతే గేర్లు విరిగే ప్రమాదం ఉంది.

2. లాక్ ఉండగా మలుపు తిప్పకూడదు. స్టీరింగు మాట వినక ట్రాక్టరు నేరుగా పోతుంది, ఇరుసుపై ఒత్తిడి పడుతుంది.

3. గట్టి నేల రాగానే లాక్ విడుదల చేయాలి. రోడ్డుపై ఎన్నడూ వాడకూడదు.

విడి బ్రేకులు కారులోని కంప్యూటరు చేసే పనినే చేస్తాయి. తిరుగుతున్న చక్రానికి మాత్రమే నెమ్మదిగా బ్రేకు వేస్తే రెండవ చక్రానికి తిప్పుడు బలం అందుతుంది. అయితే రోడ్డెక్కే ముందు రెండు పెడళ్లనూ కొక్కెంతో తప్పనిసరిగా కలపాలి. వేగంలో ఒకే చక్రానికి బ్రేకు పడితే ట్రాక్టరు పక్కకు తిరిగి బోల్తా పడుతుంది.

దమ్ము చేసేటప్పుడు

వరి మడిలో పై బురద పట్టునివ్వదు. కేజ్ చక్రాల ఇనుప పట్టీలు బురదలో లోతుగా దిగి ఆధారం వెదుక్కుంటాయి, ట్రాక్టరు బరువును ఎక్కువ వైశాల్యంపై పరుస్తాయి. వీటితో తారురోడ్డుపై నడిపితే రోడ్డు ఛిద్రమవుతుంది. అందుచేత వాటిని ట్రాలీలో పొలానికి చేర్చి అక్కడే బిగించుకోవాలి.

కూరుకుపోయినప్పుడు

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది ఇక్కడే. చక్రం తిరగలేనంతగా బిగుసుకున్నప్పుడు, చక్రాన్ని తిప్పవలసిన బలమే ఇరుసు చుట్టూ ట్రాక్టరు ముందుభాగాన్ని పైకి లేపుతుంది. ఒకటి రెండు సెకన్లలోనే ట్రాక్టరు వెనక్కి తిరగబడవచ్చు. క్లచ్ నొక్కే వ్యవధి కూడా ఉండదు. చక్రాలకు దుంగ కట్టి ముందు గేరులో లాగించడం ఈ కారణంగానే ప్రాణాంతకం.

మొదట ఆక్సిలరేటరు వదిలి చక్రాల చుట్టూ మట్టి తవ్వించాలి. పనిముట్టును విడదీసి, రివర్స్ గేరులో నిదానంగా బయటికి రావడానికి ప్రయత్నించాలి. సాధ్యం కాకపోతే మరో ట్రాక్టరుతో లాగించాలి. లాగే ట్రాక్టరుకు గొలుసును దిగువన ఉన్న డ్రాబార్‌కే తగిలించాలి గాని టాప్ లింక్‌కు, ఇరుసుకు కట్టరాదు. గొలుసు తెగితే తగిలే దూరంలో ఎవరినీ నిలబడనీయకూడదు. రక్షణ చట్రం ఉన్న ట్రాక్టరులో సీటు బెల్టు పెట్టుకోవాలి.

విస్తరణ సిబ్బంది దుక్కుల కాలానికి ముందే గ్రామాల్లో పది చుట్ల పరీక్షను రైతుల ట్రాక్టర్లతోనే చేసి చూపవచ్చు. బరువు మార్చక ముందు, మార్చిన తరువాత వచ్చిన దూరాలను రైతులే కొలుచుకుంటే జారుడు వల్ల కలిగే నష్టం ప్రత్యక్షంగా తెలుస్తుంది. అదే ప్రదర్శనలో డ్రైవర్లచేత లాక్ వేయించి విడుదల చేయించడం, గొలుసు ఎక్కడ తగిలించాలో చూపడం చేర్చితే పొదుపుతోపాటు ప్రాణరక్షణ పాఠం కూడా వారికి అందుతుంది.