అప్‌డేట్ తర్వాత ఫోల్డర్, ప్రింటర్ షేరింగ్ ఆగిపోయిందా? రక్షణ తీసేయకుండా ఇలా సరిచేసుకోండి

కొండ మీది ఊరి నుంచి ఒకరు సర్టిఫికెట్ పని మీద బస్సెక్కి గూడెం కొత్తవీధి వచ్చారనుకుందాం. నెట్ సెంటర్‌లో ఒక కంప్యూటర్‌కు స్కానర్, ఇంకోదానికి ప్రింటర్ ఉన్నాయి. నిన్నటి వరకు స్కాన్ చేసిన కాగితం రెండో కంప్యూటర్‌లో కనిపించేది. రాత్రి విండోస్ అప్‌డేట్ అయింది. ఈరోజు ఫోల్డర్ తెరుచుకోవట్లేదు, ప్రింటర్ దొరకట్లేదు. సాయంత్రం బస్సు వెళ్లిపోతే వచ్చినవాళ్లకు ఒక రోజు కూలి పోయినట్టే.

ఇళ్లలోనూ ఇదే సమస్య. పిల్లల ల్యాప్‌టాప్ నుంచి హాల్లోని ప్రింటర్‌కు ప్రింట్ వెళ్లదు. పాత కంప్యూటర్‌లోని ఫొటోలు కొత్తదానికి రావు. వెంటనే చాలామంది చేసే పని అప్‌డేట్ తీసేయడం, లేదా ఎవరో చెప్పారని ఫైర్‌వాల్ ఆపేయడం. ఈ రెండూ అవసరం లేదు. ఎక్కువ సందర్భాల్లో సరైన యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టుకుంటే పని జరిగిపోతుంది. అసలు ఏం మారింది, ఏ వరుసలో సరిచూసుకోవాలో తెలుసుకుందాం.

సిగ్నల్ లేకపోతే షేరింగ్ పనిచేయదా?

పనిచేస్తుంది. ఇంటర్నెట్ వేరు, ఇంట్లోని నెట్‌వర్క్ వేరు. సీలేరు, దారకొండ, సప్పర్ల వైపు సిగ్నల్ పోయినా రౌటర్‌కు కరెంటు ఉంటే చాలు, దానికి కలిసి ఉన్న కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లే ఫైలుకు బయటి నెట్‌తో పని లేదు. కాబట్టి షేరింగ్ ఆగితే ముందే నెట్ కంపెనీకి ఫోన్ చేయక్కర్లేదు. లోపం చాలావరకు కంప్యూటర్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది.

అప్‌డేట్‌లో ఏం మారింది?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో చాలామంది విండోస్ 11కు మారారు. 2024 అక్టోబర్‌లో విడుదలైన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో షేరింగ్‌కు సంబంధించి రెండు ముఖ్యమైన మార్పులు వచ్చాయి.

మొదటిది, ప్రో ఎడిషన్‌లో 'గెస్ట్' ప్రవేశం ఆగిపోయింది. అంటే పేరు, పాస్‌వర్డ్ అడగకుండా ఎవరైనా తెరవగలిగే ఫోల్డర్‌లోకి విండోస్ ఇప్పుడు వెళ్లదు. ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఈ నియమం 2017 నుంచే ఉంది.

రెండోది, ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో 'సైనింగ్' తప్పనిసరి అయింది. కవరు మీద లక్క సీలు వేసినట్టు, కంప్యూటర్లు పంపుకునే ప్రతి ముక్క మీద ఒక డిజిటల్ ముద్ర పడుతుంది. దారిలో ఎవరైనా మారిస్తే అవతలి కంప్యూటర్‌కు తెలిసిపోతుంది. ఈ ముద్రకు కావాల్సిన తాళం పాస్‌వర్డ్ నుంచే తయారవుతుంది. పాస్‌వర్డ్ లేని గెస్ట్‌కు ముద్ర ఉండదు. అందుకే నిన్నటిదాకా తెరుచుకున్న తలుపు ఈరోజు మూసుకుంది.

ఇలాంటప్పుడు 'మీ ఆర్గనైజేషన్ భద్రతా నిబంధనలు గెస్ట్ ప్రవేశాన్ని అడ్డుకుంటున్నాయి' అనే అర్థంతో ఇంగ్లిష్‌లో సందేశం రావచ్చు. మా ఇంట్లో ఆర్గనైజేషన్ ఎక్కడిది అని కంగారు పడొద్దు. అది విండోస్ రాసుకున్న మాట మాత్రమే. చివర 80070035 అంకెలున్న ఎర్రర్ వస్తే, వెతికిన దారి దొరకలేదని అర్థం. దానికి కారణాలు చాలా ఉండొచ్చు.

మీది ఏ ఎడిషనో తెలియాలంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ చూడండి. హోమ్ అని ఉంటే పై రెండు మార్పుల కన్నా కింద చెప్పే మిగతా కారణాలనే ముందు అనుమానించాలి.

ఏ వరుసలో చూడాలి?

1. రెండు కంప్యూటర్లనూ రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. 'ఫాస్ట్ స్టార్టప్' ఆన్‌లో ఉన్న కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేస్తే విండోస్ లోపలి భాగం పూర్తిగా కొత్తగా మొదలవదు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి ఉంటే, విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లి మిగిలినవి పూర్తయ్యాయో లేదో చూడండి.

2. రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా చూడండి. ఒకటి ఫైబర్ మోడెమ్ వైఫైకి, ఇంకోటి దానికి తగిలించిన వేరే రౌటర్ వైఫైకి కలిసి ఉంటే ఒకదానికొకటి కనిపించకపోవచ్చు. ఒకటి 'గెస్ట్ వైఫై'లో ఉన్నా అంతే.

3. నెట్‌వర్క్ 'పబ్లిక్'గా మారిందేమో చూడండి. కొత్త వైఫైకి కలిసినప్పుడు విండోస్ 11 దాన్ని బస్టాండు వైఫైలా అనుమానంగా చూస్తుంది, కంప్యూటర్‌ను ఇతరులకు కనిపించనివ్వదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కు వెళ్లి, మీ వైఫై ప్రాపర్టీస్ తెరిచి 'ప్రైవేట్ నెట్‌వర్క్' ఎంచుకోండి. ఇది మీ ఇల్లు, మీ షాపు నెట్‌వర్క్‌కు మాత్రమే. లాడ్జిలో, బయటి హాట్‌స్పాట్‌లో పబ్లిక్‌గానే ఉంచాలి.

4. షేరింగ్ మీటలు చూడండి. నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోనే అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్ ఉంటుంది. ప్రైవేట్ నెట్‌వర్క్స్ కింద 'నెట్‌వర్క్ డిస్కవరీ', 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్' రెండూ ఆన్ చేయండి. అక్కడే ఉండే 'పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్'ను ఆఫ్ చేయకండి.

5. కనిపించకపోయినా పేరుతో పిలిచి చూడండి. నెట్‌వర్క్ జాబితాలో కంప్యూటర్ కనిపించనంత మాత్రాన అది అందుబాటులో లేదని కాదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైన ఉండే అడ్రస్ పట్టీలో వెనక్కి వాలిన రెండు గీతలు (\\) కొట్టి, వెంటనే అవతలి కంప్యూటర్ పేరు రాసి ఎంటర్ నొక్కండి. పేరు సిస్టమ్, అబౌట్‌లోనే దొరుకుతుంది. కొందరు పేరుకు బదులు 192.168.1.20 లాంటి ఐపీ అంకెలతో షార్ట్‌కట్ పెట్టుకుంటారు. కరెంటు పోయి వచ్చాక రౌటర్ ఆ అంకెలను మార్చేయవచ్చు. అప్పుడు తప్పు అప్‌డేట్‌ది కాదు, పాత షార్ట్‌కట్‌ది. పేరు వాడటమే మేలు.

పాస్‌వర్డ్ సరిగానే కొడుతున్నా ఎందుకు ఒప్పుకోవట్లేదు?

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. కంప్యూటర్ తెరవడానికి రోజూ కొట్టే నాలుగంకెల పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌కే పరిమితం. ఇంకో కంప్యూటర్ నుంచి వచ్చేటప్పుడు అది చెల్లదు. ఖాతా అసలు పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డే లేని ఖాతా అయితే నెట్‌వర్క్ మీద నుంచి విండోస్ లోపలికి రానివ్వదు.

దీనికి తేలికైన మార్గం ఉంది. ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో షేరింగ్ కోసమే ఒక ప్రత్యేక ఖాతా తెరవండి.

సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్‌కు వెళ్లి యాడ్ అకౌంట్ నొక్కండి. ఈమెయిల్ అడిగితే, ఆ వ్యక్తి సైన్ ఇన్ వివరాలు తన దగ్గర లేవని చెప్పే లింకు, తర్వాత మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా యూజర్‌ను చేర్చే లింకు నొక్కండి. చిన్న పేరు, గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. ఇది మామూలు యూజర్‌గానే ఉండాలి, అడ్మినిస్ట్రేటర్ చేయనక్కర్లేదు.

తర్వాత షేర్ చేయాల్సిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, షేరింగ్, షేర్ వరుసలో వెళ్లి ఆ కొత్త పేరును చేర్చండి. చూస్తే చాలు అనుకుంటే 'రీడ్', ఫైళ్లు వేయాలంటే 'రీడ్/రైట్' ఇవ్వండి. 'ఎవ్రీవన్' అనే పేరు అక్కడ ఉంటే తీసేయండి.

రెండో కంప్యూటర్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద అవతలి కంప్యూటర్ పేరు మీద పాత వివరాలు ఉంటే తీసేయండి. కొత్తగా కంప్యూటర్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ చేర్చండి. యూజర్ పేరు ముందు కంప్యూటర్ పేరు, వెనక్కి వాలిన ఒక గీత పెడితే గందరగోళం ఉండదు. ఒకసారి ఇలా చేస్తే మళ్లీ మళ్లీ అడగదు.

ఒకే కాపీ నుంచి చేసిన కంప్యూటర్లా?

నెట్ సెంటర్లు, కంప్యూటర్ ల్యాబులు తప్పక చూడాల్సిన సంగతి ఇది. ఒక కంప్యూటర్‌లో విండోస్ వేసి, ఆ డిస్క్‌నే కాపీ చేసి మిగతావాటిలో పెట్టడం మామూలే. అలా చేస్తే లోపలి గుర్తింపు సంఖ్య అన్నిటికీ ఒకటే ఉండిపోతుంది, ఒకే ఆధార్ నంబర్‌తో ఇద్దరు వచ్చినట్టు. 2025 ఆగస్టు 29 నుంచి వచ్చిన విండోస్ 11 అప్‌డేట్లు 24హెచ్2, 25హెచ్2 వెర్షన్లలో ఇలాంటి జంటలను పట్టుకుని లాగిన్ నిరాకరిస్తున్నాయి. పాస్‌వర్డ్ ఎంత సరిగా కొట్టినా మళ్లీ అడుగుతూనే ఉంటుంది.

దీనికి శాశ్వత పరిష్కారం, ఆ కంప్యూటర్లలో విండోస్‌ను సరైన పద్ధతిలో మళ్లీ వేయించుకోవడమే. కాపీ చేసే ముందు 'సిస్‌ప్రెప్' అనే పనిముట్టు నడిపితే ప్రతి కంప్యూటర్‌కు వేరే గుర్తింపు వస్తుంది. మెకానిక్‌ను పిలిచేటప్పుడే ఈ మాట చెప్పండి, అతని సమయం, మీ డబ్బు మిగులుతాయి.

ప్రింటర్ మాత్రమే రావట్లేదంటే?

ప్రింటర్ షేరింగ్‌కు భద్రతా అప్‌డేట్ల వల్ల ఇబ్బంది రావడం కొత్త కాదు. 2021 సెప్టెంబర్ అప్‌డేట్ల తర్వాత చివర 11బి అని ఉండే ఎర్రర్ చాలామందిని తిప్పలు పెట్టింది. ప్రింటర్ తగిలించిన కంప్యూటర్, ప్రింట్ పంపే కంప్యూటర్ రెండింటికీ అప్‌డేట్లు పూర్తి చేయడం, రెండింటిలోనూ ఆ ప్రింటర్ డ్రైవర్ వేయడం మొదటి పని.

ప్రింటర్‌కు సొంత వైఫై గానీ ల్యాన్ పోర్టు గానీ ఉంటే షేరింగ్ జోలికే పోవద్దు. దాన్ని నేరుగా రౌటర్‌కు కలపండి. ప్రతి కంప్యూటర్ నేరుగా దానికే ప్రింట్ పంపుతుంది, మధ్యలో ఇంకో కంప్యూటర్ ఆన్‌లో ఉండాల్సిన పని లేదు.

పాత పెట్టె, పాత రౌటర్ సంగతి?

రౌటర్ యూఎస్‌బీ పోర్టుకు పెట్టిన హార్డ్‌డిస్క్, పాత స్టోరేజ్ పెట్టె తెరుచుకోకపోతే దాని సెట్టింగ్స్‌లో యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టే వీలుందేమో, కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చిందేమో చూడండి. అది 'ఎస్ఎంబీ1' అనే పాత భాష మాత్రమే మాట్లాడుతుందంటే, డిస్క్‌ను విప్పి నేరుగా కంప్యూటర్‌కు పెట్టి ఫైళ్లు కాపీ చేసుకోండి. ఆ తర్వాత దానికి సెలవు ఇవ్వడమే మంచిది.

ఎస్ఎంబీ1ను మళ్లీ ఆన్ చేయమని వీడియోల్లో చెబుతుంటారు. వినకండి. 2017 మే 12న మొదలైన 'వాన్నాక్రై' వైరస్ ఆ పాత భాషలోని లోపంతోనే ఒక కంప్యూటర్ నుంచి పక్కదానికి పాకింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దానికి మందు లాంటి అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా నష్టపోయారు. ఆ ఏడాది చివరి నుంచి వచ్చిన విండోస్‌లో ఎస్ఎంబీ1ను మామూలుగా ఇవ్వడమే మానేశారు.

పాస్‌వర్డ్ లేకుండా వదిలేస్తే ఏమవుతుంది?

ఇంట్లో ఫొటోల సంగతి పక్కన పెడదాం. నెట్ సెంటర్ షేరింగ్ ఫోల్డర్‌లో ఏముంటాయి? ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, అటవీ హక్కుల పట్టాలు, పిల్లల మార్కుల మెమోలు. ఫోల్డర్‌కు పాస్‌వర్డ్ లేకపోతే ఆ వైఫైకి కలిసిన ఏ ఫోన్ నుంచైనా వాటిని చూడొచ్చు, తీసుకెళ్లొచ్చు. వైఫై పాస్‌వర్డ్ అడిగినవారికల్లా చెప్పే షాపుల్లో ఇది చిన్న విషయం కాదు. పని అయ్యాక స్కాన్‌లను తొలగించడం, కస్టమర్లకు వేరే గెస్ట్ వైఫై పెట్టడం షాపు యజమానులు అలవాటు చేసుకోవాలి.

ఇంకో జాగ్రత్త. ఎర్రర్ నంబర్‌ను గూగుల్‌లో వెతికితే 'మైక్రోసాఫ్ట్ సపోర్ట్' పేరుతో ఫోన్ నంబర్లు కనిపిస్తాయి. మైక్రోసాఫ్ట్ తన ఎర్రర్ సందేశాల్లో ఫోన్ నంబర్ ఇవ్వదు. ఎవరైనా మీ కంప్యూటర్‌ను దూరం నుంచి నడుపుతామంటూ యాప్ వేయమంటే ఒప్పుకోకండి. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి.

అప్పటిదాకా పని ఆగకుండా ఎలా?

షాపులో ఫైలును పెన్‌డ్రైవ్‌లో తీసుకుని, ప్రింటర్ ఉన్న కంప్యూటర్ నుంచే ప్రింట్ ఇవ్వొచ్చు. లేదా ప్రింటర్ యూఎస్‌బీ తీగను ఫైలున్న కంప్యూటర్‌కు మార్చొచ్చు. ఐదు నిమిషాల పని.

పని మీద వచ్చినవారు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. ప్రింటర్ ఆగినంత మాత్రాన దరఖాస్తు ఆగక్కర్లేదు. దరఖాస్తు నంబర్ అడిగి రాసుకోండి. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో మొదలుపెట్టిన 'మన మిత్ర' వాట్సాప్ సేవ 95523 00009 నంబర్‌లో ఉంది. చాలా ధ్రువపత్రాల సేవలు అందులో దొరుకుతాయి. సిగ్నల్ ఉన్నచోట ఫోన్‌లోనే ప్రయత్నించొచ్చు.

కొత్త పాస్‌వర్డ్‌ను ఒక పుస్తకంలో రాసి మీ దగ్గర భద్రంగా పెట్టుకోండి, మానిటర్ మీద మాత్రం అంటించకండి. వచ్చే అప్‌డేట్ తర్వాత మళ్లీ అడిగితే అదే అక్కరకొస్తుంది.