గణితము : లోకవ్యవహారపు భాష

గణితమనగానే మనలో పెక్కుమందికి చిన్ననాటి ఎక్కములు, వాటితోపాటు పంతులుగారి బెత్తము జ్ఞప్తికి వచ్చుచుండును. అది కొందరు మేధావులకు మాత్రమే అబ్బు విద్యయనియు, పొలము దున్నుకొనువారికి, ఇల్లు దిద్దుకొనువారికి దానితో అంతగా పనిలేదనియు తలచుట కద్దు. ఈ తలంపు సరియైనది కాదు. గణితము ఒక భాష. తెలుగునకు వలెనే దీనికిని అక్షరములు కలవు, వ్యాకరణము కలదు, వాక్యములు కలవు. అంకెలు దీని అక్షరములు. కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారము దీని క్రియాపదములు. ‘సమానము’ అను గుర్తు వాక్యమును పూర్తిచేయును. ఈ భాషలో సరిగా వ్రాసిన వాక్యమునకు రెండర్థము లుండవు. మాటలలో దాగిన సందేహము లెక్కలో దాగజాలదు. అందువలననే దేశదేశముల వారును దీనిని ఒకే తీరున చదువుకొనుచున్నారు.

నేడు మన బ్రతుకును తాకు నిర్ణయములు పెక్కు ఈ భాషలోనే వ్రాయబడుచున్నవి. అప్పు పత్రము, పంటల బీమా, తుపాను హెచ్చరిక, చేతిలోని ఫోనుతో చేయు చెల్లింపు - వీటి వెనుక నున్నది గణితమే. దీనిని చదువలేనివాడు పరుల నోటిమాటపై ఆధారపడవలసి వచ్చును. చదువగలవాడు నిలిచి ప్రశ్నింపగలడు.

వడ్డీ : ఒక మాట, రెండు నుడికారములు

మన పల్లెలలో వడ్డీని ‘నూటికి నెలకు ఇంత’ అని చెప్పుకొనుట వాడుక. బ్యాంకులలో ‘నూటికి సంవత్సరమునకు ఇంత’ అని వ్రాయుదురు. ఊరిలో ఒకరు రెండు రూపాయల వడ్డీకి అప్పు ఇత్తుమన్నారనియు, బ్యాంకువారు 12 శాతమన్నారనియు అనుకొందము. రెండు అంకె పండ్రెండు కంటె చిన్నది. కాని రెండు రూపాయల వడ్డీ యనగా నెలకు నూటికి రెండు, సంవత్సరమునకు 24. చిన్నదిగా వినిపించినదే రెట్టింపు భారము. పావలా వడ్డీ అను మాటకును సంవత్సరమునకు 3 శాతము అను మాటకును అర్థమొక్కటే. ఇక్కడ మోసమెవరును చేయనక్కరలేదు. రెండు నుడికారములను ఒకే కొలతలోనికి మార్చుకొనలేకపోయినచో మనకు మనమే మోసపోవుదుము.

మరియొక ఉదాహరణము. పొదుపు సంఘ సభ్యురాలొకరు 12,000 రూపాయలు సంవత్సరమునకు 12 శాతము వడ్డీకి తీసుకొని, నెలకు 1,000 రూపాయల చొప్పున అసలు తీర్చుచున్నదనుకొందము. మొదట తీసుకొన్న మొత్తముపైననే ప్రతి నెలయు వడ్డీ వేసినచో నెలకు 120 రూపాయలు, ఏడాదికి 1,440 రూపాయలు అగును. తీర్చగా మిగిలిన అసలుపైన మాత్రమే వడ్డీ వేసినచో మొదటి నెల 120, రెండవ నెల 110, మూడవ నెల 100, ఇట్లు తగ్గుచు చివరి నెలకు 10 రూపాయలగును. అన్నియు కూడగా 780 రూపాయలు మాత్రమే. రెండు పత్రములమీదను ‘12 శాతము’ అనియే యుండును. వ్యత్యాసము 660 రూపాయలు. “వడ్డీ దేనిమీద వేయుచున్నారండీ?” అని ఒక్క ప్రశ్న అడుగుట తెలిసిన యిల్లాలికి ఆ సొమ్ము మిగులును.

అంకెల పుట్టుక, అక్షరముల శక్తి

ఈ భాషకు నేడున్న లిపిని లోకమునకు అందించినది భారతదేశము. పది గుర్తులతో ఎంత పెద్ద సంఖ్యనైనను వ్రాయు పద్ధతి మన దేశమున రూపొందినది. 5 అను అంకె ఒకట్ల స్థానమున ఐదు, పదుల స్థానమున ఏబది, నూర్ల స్థానమున ఐదువందలు. స్థానమును బట్టి విలువ మారును. ఖాళీ స్థానమును కాపాడుటకు సున్న వలసినది. బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో రచించిన గ్రంథమున సున్నను ఒక సంఖ్యగా గ్రహించి, దానితో కూడికకు, తీసివేతకు నియమములు చెప్పెను. ఈ పద్ధతి అరబ్బుల ద్వారా పశ్చిమమునకు ప్రయాణించెను. 1202లో ఇటలీ దేశస్థుడైన ఫిబొనాచ్చి తన గ్రంథములో ఈ అంకెలతో వర్తకపు లెక్కలు చేయు విధమును ఐరోపావారికి వివరించెను. సమానమునకు నేడు మనము వ్రాయు రెండు గీతల గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ అను వేల్సు దేశస్థుడు ప్రవేశపెట్టెను.

మన తెలుగునకును ఇందు గౌరవస్థానము కలదు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆయన పదునొకండవ శతాబ్దమువాడని సాహిత్యచరిత్రకారులు సాధారణముగా చెప్పుదురు. తెలుగు కావ్యభాషగా రూపుదిద్దుకొను తొలిదినములలోనే లెక్కలు చెప్పు భాషగాను నిలిచినదన్నమాట. గణితము మనకు పరాయి విద్య కాదు.

అంకెలకు పిమ్మట అక్షరములు వచ్చినవి. ‘వడ్డీ = అసలు × రేటు × కాలము ÷ 100’ అను వాక్యమును చూడుడు. ఇది ఒకరి అప్పునకు సంబంధించినది కాదు. ఊరిలోని బారువడ్డీ అప్పులన్నిటికిని ఇదియే వాక్యము. ఎవరి అంకెలు వారు నింపుకొన్నచో ఎవరి జవాబు వారికి లభించును. ఒక విత్తనమునుండి చేనంతయు పండినట్లు, ఒక సూత్రమునుండి వేల లెక్కలు వెలువడును. ఈ శాస్త్రమునకు మన పెద్దలు బీజగణితమని పేరుపెట్టుట ఎంతయు తగియున్నది.

పొలములోని వాక్యము

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడనక్కరలేదు. గరిటెతో కలిపి, ఒకటి రెండు మెతుకులు నొక్కి చూచిన చాలును. కలుపుట ముఖ్యము, పైమెతుకు చూచి అడుగు మెతుకు సంగతి చెప్పరాదు. పంటకోత ప్రయోగములకు ఆధారమైన గణితమిదియే. ప్రాంతములోని ప్రతి చేనును కోసి తూచుట సాధ్యము కాదు. గావున చీటీలు తీసినట్లు, ఎవరి ఇష్టమునకును తావులేకుండ, కొన్ని పొలములను ఎన్నుకొందురు. బాట ప్రక్కనున్న చక్కని చేలనే ఎన్నుకొన్నచో అది కలుపని కుండలోని పైమెతుకు వంటిది.

వరి విషయమున ఎన్నుకొన్న పొలములో సాధారణముగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని కొలిచి కోయుదురు. దాని వైశాల్యము 25 చదరపు మీటర్లు. హెక్టారునకు 10,000 చదరపు మీటర్లు గనుక అట్టివి 400 మడులగును. ఎండిన ధాన్యము మడికి సగటున 9 కిలోలు వచ్చినచో హెక్టారునకు 3,600 కిలోలు. హెక్టారు సుమారు 2.47 ఎకరములు గనుక ఎకరమునకు రమారమి 1,457 కిలోలు.

ఈ అంకె కాగితముపై ఊరక నిలిచిపోవునది కాదు. 2016లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నియమములలో దిగుబడి నష్టమునకు ఒక సూత్రము కలదు. ముందుగా నిర్ణయించిన హామీ దిగుబడినుండి వాస్తవపు దిగుబడిని తీసివేసి, వచ్చిన లోటును హామీ దిగుబడిచే భాగించి, బీమా మొత్తముచే హెచ్చింపవలెను. హామీ దిగుబడి హెక్టారునకు 4,800 కిలోలు, వాస్తవపు దిగుబడి 3,600 కిలోలు అయినచో లోటు 1,200. అనగా నాలుగవ వంతు. బీమా మొత్తము 40,000 రూపాయలైనచో పరిహారము 10,000 రూపాయలు. ఇట్టి బీమాలో ఆ చిన్న మడిలో ఒక కిలో తేడా వచ్చినను పరిహారము మారిపోవును. కోతనాడు దగ్గరనుండి మడి కొలతను, తూకమును చూచుకొనుట ఏల ముఖ్యమో ఈ వాక్యమును చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

కొన్నిటిని చూచి అన్నిటిని గూర్చి చెప్పు ఈ విద్యను మన దేశమున పెంపొందించినవారిలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ ముఖ్యుడు. ఆయన 1931లో భారత గణాంక సంస్థను కలకత్తాలో స్థాపించి, బెంగాలు జనపనార పంటపై ఇట్టి పరిశీలనలు జరిపించెను. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఆ సంస్థలో చేరి, 1945లో ప్రచురించిన పరిశోధనతో ప్రపంచఖ్యాతి పొందిరి. కొలతలో ఎంత పొరపాటు తప్పనిసరియో కూడ లెక్కించి చెప్పవచ్చునని ఆ పరిశోధన తెలుపును. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము లభించినది. ఆ సంవత్సరమే ఆయన కీర్తిశేషులైరి.

గాలివానను ముందుగా చదువుట

గాలి పీడనము, వేగము, తేమ, వేడిమి - ఇవి ఒకదానినొకటి ఎట్లు మార్చుచుండునో సమీకరణములుగా వ్రాయవచ్చును. నేటి కొలతలను వాటిలో నింపినచో రేపటి వాతావరణము కొంతవరకు తెలియును. ఇంగ్లండు దేశస్థుడైన లూయీ రిచర్డుసన్ 1922లో ఈ పద్ధతిని ప్రకటించెను. ఆరుగంటల కాలమునకు చెందిన లెక్కను చేతితో చేయుటకే ఆయనకు వారములు పట్టెను. వచ్చిన జవాబు కూడ తప్పాయెను. అయినను మార్గము సరియైనదే. 1950లో అమెరికాలో యంత్రగణకముతో ఈ లెక్కను సఫలముగా చేసిరి.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది ప్రాణములు కోల్పోయిరి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినది. ఆస్తినష్టము అపారము. కాని అది ఎచ్చట తీరము చేరునో ముందే తెలిసినందున లక్షలమందిని సురక్షిత స్థలములకు తరలించిరి. మన రాష్ట్రమున మృతుల సంఖ్య నూటికి లోపుననే ఆగినది. ఈ మేలు లెక్కలవలన మాత్రమే కలిగినది కాదు. ఉపగ్రహములు, రాడారులు, ఆశ్రయ భవనములు, బాటలు, సిబ్బంది శ్రమ అన్నియు తోడ్పడినవి. అయినను ఆ కొలతలన్నిటిని కలిపి ‘రేపు ఇచ్చట’ అని చెప్పినది గణితమే.

చేతి ఫోనులోని తాళము

ఫోనుద్వారా సొమ్ము పంపునపుడు ఆ సందేశమును దారిలో ఇతరులు చదువకుండ గణితము కాపాడుచుండును. ఇందు వాడు పద్ధతులలో ఒకటి 1977లో ముగ్గురు శాస్త్రజ్ఞులు కనుగొన్నది. దాని మర్మము చాల సులభమైనది. 53ను 59చే హెచ్చించుట ఎంతసేపు? జవాబు 3,127. కాని 3,127 మాత్రమే చెప్పి, ఇది ఏ రెండు సంఖ్యల లబ్ధమని అడిగినచో చాలసేపు వెదుకవలసి వచ్చును. వందలకొలది అంకెలు గల సంఖ్యలను తీసుకొన్నచో యంత్రగణకములకును ఆ వెదుకులాట ఎంతో కష్టమగును. వేయుట తేలిక, తీయుట కష్టము - తాళమునకు కావలసినది అదియే. అయితే గణితము తాళము వేయగలదేకాని, తాళపుచెవిని మనమే పరుల చేతిలో పెట్టినచో కాపాడజాలదు. రహస్య సంఖ్యను ఎవరడిగినను చెప్పరాదనుట ఇందువలననే.

అడుగవలసిన ప్రశ్న

గణిత వాక్యము స్పష్టమైనదని చెప్పితిమి. స్పష్టమైనదెల్ల న్యాయమైనదని అర్థము కాదు. ఒక రైతునకు ఎకరమునకు 30 బస్తాలును, వేరొకరికి 10 బస్తాలును పండినచో సగటు 20 బస్తాలు. లెక్క సరియైనదే. కాని 10 బస్తాలవాని కష్టము ఆ సగటులో కానరాదు. ప్రాంతపు సగటును బట్టి పరిహారము నిర్ణయించుచోట ఒక్కని చేను మునిగినను అంకె కదలకపోవచ్చును. కావున అంకె కనబడినపుడు మూడు ప్రశ్నలు వేయవలెను: దేనిని కొలిచిరి? ఎట్లు కొలిచిరి? ఎవరిని లెక్కలోనికి తీసుకొనలేదు?

ఈ ప్రశ్నలడుగుటకు పెద్ద చదువులు అక్కరలేదు. ఎక్కములు, నూటికి లెక్క, సగటు, వైశాల్యము తెలిసిన చాలును. ఏడవ తరగతి చదువు బిడ్డ ఈ భాషను మాట్లాడగలదు. ఈ రాత్రి భోజనమైన పిమ్మట ఇంటిలోని అప్పు కాగితమునో, పొదుపు సంఘపు పుస్తకమునో ఆ బిడ్డ ముందుంచి చదివించుడు. ఆమెకు పాఠము సార్థకమగును. మీకు కాగితము తెలియును. అక్షరము నేర్చినవాడు వేలిముద్ర వేయనట్లే, లెక్క నేర్చినవాడు తెలియని అంకెక్రింద సంతకము చేయడు.