వాయులీనమునకు శ్రుతి చేయుట

సంగీత సభలో విద్వాంసులు వేదికపై కూర్చుండిన వెంటనే పాట ఆరంభము కాదు. తంబురా మ్రోగుచుండును. వాయులీన విద్వాంసుడు చెవి యొగ్గి, ఒక్కొక్క తీగను మీటి, బిరడను ఇంచుక త్రిప్పి, మరల మీటును. వెనుక కూర్చున్న పిల్లలు "ఇంకను మొదలుపెట్టలేదేమి?" అని విసుగుకొందురు. కాని ఆ కొద్ది నిమిషములలో జరుగు పని సామాన్యమైనది కాదు. అది చక్కగా జరిగిననే గాని తరువాత వాయింపబోవు రాగములు రాణింపవు. ఆ పని యేమో, దానిని ఏల అంత శ్రద్ధతో చేయవలెనో తెలిసికొందము.

వాయులీనమును ఫిడేలు అనియు అందురు. ఇది పదునారవ శతాబ్దమున ఇటలీ ఉత్తరభాగమున నేటి రూపము దాల్చినది. మన సంగీతమునకు దీనిని అలవరచినవారిలో ముత్తుస్వామి దీక్షితుల సోదరులైన బాలుస్వామి దీక్షితులు (1786–1859) ప్రసిద్ధులు. విజయనగరమున 1919లో స్థాపింపబడిన మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యులుగానుండిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893–1964) దీనిపై ఒంటిగా కచేరీలు చేసి, ఆంధ్రదేశమున దీనికి గొప్ప గౌరవము చేకూర్చిరి. పాశ్చాత్యులు నాలుగు తీగలను వరుసగా ఒకదానికొకటి పంచమమగునట్లు బిగింతురు. మనవారు వాద్యమును మార్చలేదు, శ్రుతిని మార్చిరి. లావుపాటి తీగ మొదలు సన్నని తీగ వరకు మంద్ర షడ్జము, మంద్ర పంచమము, మధ్య షడ్జము, మధ్య పంచమము పలుకునట్లు కూర్చిరి.

తీగ కంపించినప్పుడు ధ్వని పుట్టును. సెకనునకు ఎన్నిమారులు కంపించునో దానిని బట్టి స్వరము హెచ్చుగనో తగ్గుగనో వినబడును. మంద్ర షడ్జమునకు 160 కంపనములున్నవనుకొందము. పంచమమునకు అందుకు ఒకటిన్నర రెట్లు, అనగా 240 ఉండవలెను. పై షడ్జమునకు 320, పై పంచమమునకు 480 ఉండవలెను. తీగ బిగువు హెచ్చినకొలది కంపనములును హెచ్చును. కాని కంపనములు రెండు రెట్లు కావలెనన్న బిగువు నాలుగు రెట్లు కావలెను. నాలుగును ఒకే లావు తీగలైనచో క్రింది స్వరపు తీగ మిక్కిలి వదులగును, లేదా పై స్వరపు తీగ తెగును. అందుచే తీగలను వేర్వేరు లావులలో చేయుదురు. ఈ సూత్రములను ఫ్రాన్సు దేశీయుడైన మెర్సెన్ 1636లో వెలువడిన తన గ్రంథమున వివరించెను.

తీగ బిగువు నూటికి ఒక పాలు సడలినచో 240 కంపనములు రమారమి 239 అగును. ఇంత స్వల్పభేదము ఎవరికి తెలియునని మీరనవచ్చును. ఆ తీగను సరియైన తంబురా పంచమముతో కలిపి మ్రోగించి చూడుడు. రెండు ధ్వనులును ఏకమై సాగక, సెకనునకు ఇంచుమించు ఒకమారు హెచ్చుచు తగ్గుచు అలవలె ఊగును. ఈ ఊపునే శాస్త్రజ్ఞులు విస్పందనమందురు. భేదము తగ్గినకొలది ఊపు నెమ్మదించును. రెండును సరిగా కలసినప్పుడు పూర్తిగా ఆగును. విద్వాంసుడు చెవి యొగ్గి వినునది దీనినే.

వీణకు మెట్లున్నవి, వాయులీనమునకు లేవు. వ్రేలు ఎచ్చట పడవలెనో చేయి జ్ఞాపకముంచుకొనవలెను. అది సరియో కాదో చెవి చెప్పవలెను. శ్రుతి తప్పిన తీగపై నెల దినములు సాధన చేసిన విద్యార్థి గతి యేమగును? వ్రేళ్ళు తప్పుచోట్లకు అలవాటుపడును. అంతకంటె కష్టమేమనగా, చెవి అపశ్రుతిని సహించుటకు అలవాటుపడును. చెడిన తీగను నిమిషములో సవరింపవచ్చును. చెడిన చెవిని సవరించుట అంత సులభము కాదు. కావుననే మంచి గురువులు శ్రుతి చేయనిదే పాఠము మొదలుపెట్టరు.

తీగ శ్రుతి తప్పుటకు కారణములు పలు కలవు. క్రొత్త తీగ కొన్ని దినములు సాగుచుండును. వేడికి లోహపు తీగ వ్యాకోచించి సడలును. వానకాలమున కఱ్ఱ తేమను పీల్చి ఉబ్బును. అప్పుడు బిరడ రంధ్రమున బిగిసికొని కదలదు. వేసవిలో కఱ్ఱ ఎండి కుదియును. అప్పుడు బిరడ నిలువక జారును. జారు బిరడకు కొంచెము సుద్ద, కదలని బిరడకు ఎండిన సబ్బు రాయుదురు. నూనె మాత్రము తగులనీయరాదు.

బిరడ ఒక కొనకు సన్నగిల్లియుండును. కావున దానిని లోనికి ఇంచుక నొక్కుచు త్రిప్పవలెను. తీగను కావలసిన స్వరమునకు కొంచెము దిగువకు వదలి, మెల్లగా పైకి తేవలెను. పైనుండి దించి విడిచిన తీగ, వాయించుచుండగా మరికొంత జారవచ్చును. మొదట మధ్య షడ్జమును తంబురాతో కలిపి, తరువాత పంచమమును, ఆపై తక్కిన రెండింటిని సరిచేయవచ్చును. అంతటితో పని ముగిసినదనుకొనరాదు. తీగలను మోయు చిన్న కఱ్ఱపలకను గుఱ్ఱమందురు. ఒక తీగను బిగించినచో గుఱ్ఱమును, దాని క్రింది పెట్టెయు ఇంచుక లొంగును. తక్కిన తీగలు ఆ మేరకు సడలును. అందుచే మరల మొదటినుండి వినవలెను.

గుఱ్ఱమును జిగురుతో అతికింపరు. తీగల ఒత్తిడిచేతనే అది నిలుచును. బిరడలు త్రిప్పుచుండగా అది ముందునకు వాలవచ్చును గాన, నిటారుగా నున్నదో లేదో చూచుకొనవలెను. పెట్టెలో పై పలకకును అడుగు పలకకును నడుమ ఒక చిన్న కఱ్ఱపుల్ల కలదు. ఫ్రెంచివారు దానిని వాద్యమునకు "ఆత్మ" యందురు. అదియు ఒత్తిడిచేతనే నిలుచును. కావున నాలుగు తీగలను ఒక్కమారే విప్పరాదు. ఒకటి మార్చిన పిదపనే మరియొకదానిని విప్పవలెను.

నేడు శ్రుతిని చూపు సాధనములు చేతిఫోనులలోనే లభించుచున్నవి. అవి తోడ్పడును, కాని సభ నడుమ తీగ సడలినప్పుడు వానిని చూచుటకు వ్యవధి యుండదు. ఒక కీర్తన ముగిసి మరియొకటి ఆరంభమగు లోపలనే విద్వాంసుడు విని, సవరించుకొనవలెను. శ్రుతి యను మాటకే వినుట యని అర్థము. ఇకమీదట సభలో ఆ నిమిషములు వచ్చినప్పుడు విసుగుకొనక మీరును చెవి యొగ్గుడు. అలవలె ఊగు ధ్వని ఎప్పుడు నిశ్చలమగునో కనిపెట్టగలిగినచో, సంగీతమున మొదటి పాఠము మీకు వచ్చినట్లే.