సైన్ స్క్వేర్ ముడి... విప్పితే మార్కులే!

కొరాపుట్, రాయగడ: ప్లస్ టూ సైన్స్ పిల్లలున్న ఇళ్లలో రెండో ఏడాది తరచూ వినిపించే మాట... 'డిఫరెన్సియేషన్ పర్లేదు, ఇంటిగ్రేషనే బుర్రకెక్కట్లేదు'. అందులోనూ సైన్‌లు, కాస్‌లు కనబడితే పుస్తకం మూసేసేవారే ఎక్కువ. నిజానికి ఆ లెక్క ఇంట్లో స్విచ్చు నొక్కిన ప్రతిసారీ జరుగుతూనే ఉంది.

మాచ్‌ఖండ్ సంగతే చూడండి. ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి జలవిద్యుత్ కేంద్రమిది. ఉత్పత్తి 1955లో మొదలైంది. ఆరు యూనిట్లు, 120 మెగావాట్లు. అక్కడ పుట్టే కరెంటు ఒకే తీరున పారదు. సెకనుకు 50 సార్లు సైన్ అలలా లేచి పడుతుంది. ఆ అల సగటు సున్నా. మరి హీటరు ఎలా కాగుతోంది? కరెంటు ఎటు పారినా వేడి పుడుతుంది గనక! ఆ వేడి లెక్క సైన్‌తో కాదు, సైన్ స్క్వేర్‌తో తేలాలి. దాన్ని ఇంటిగ్రేట్ చేయాల్సిందే.

చిక్కంతా ఇక్కడే. ఎక్స్ స్క్వేర్‌కు చేసినట్టే చేసి 'సైన్ క్యూబ్ బై 3' అని రాసేస్తుంటారు. మార్కులు గల్లంతయ్యేది అక్కడే. గుణకారానికి డిఫరెన్సియేషన్‌లో నేరుగా సూత్రముంది. ఇంటిగ్రేషన్‌లో అంత సులువైనది లేదు. అందుకే గుణకారాన్ని కూడికలోకో, తీసివేతలోకో దించుకోవాలి. ఆ పని చేసిపెట్టేవే సర్వసమీకరణాలు... పిల్లల భాషలో ఐడెంటిటీలు. వీటికి మూలమైన రెండు కోణాల మొత్తపు సైన్ సూత్రం 1150లో భాస్కరాచార్యుడు రాసిన సిద్ధాంత శిరోమణిలోనే ఉంది.

కాస్ 2ఎక్స్ అంటే 1 మైనస్ 2 సైన్ స్క్వేర్ ఎక్స్. అటూ ఇటూ మారిస్తే, సైన్ స్క్వేర్ ఎక్స్ అనేది '1 మైనస్ కాస్ 2ఎక్స్'లో సగం. స్క్వేర్ మాయం! ఇంటిగ్రేట్ చేస్తే ఎక్స్ బై 2 మైనస్ సైన్ 2ఎక్స్ బై 4, ప్లస్ సి. పూర్తి అల మీద సగటు తీస్తే కాస్ భాగం సున్నా అవుతుంది, మిగిలేది సగం. గరిష్ఠంగా సుమారు 325 వోల్టులకు లేచే కరెంటును మనం 230 వోల్టులనడం ఈ సగం వల్లే.

ఘాతం బేసి సంఖ్యయితే దారి వేరు. సైన్ క్యూబ్‌లో ఒక సైన్‌ను పక్కనుంచి, మిగిలిన సైన్ స్క్వేర్‌ను 1 మైనస్ కాస్ స్క్వేర్‌గా రాసి, కాస్‌ను 'టి' అనుకుంటే సరి. సైన్ 3ఎక్స్‌ను కాస్ 2ఎక్స్‌తో గుణిస్తే? సైన్ 5ఎక్స్, సైన్ ఎక్స్ కలిపి అందులో సగం.

ముగ్గురివీ రైటే

పాపం, కొందరు సరిగ్గా చేసి కూడా కొట్టేసుకుంటారు. సైన్ ఎక్స్ కాస్ ఎక్స్‌ను ఇంటిగ్రేట్ చేయమంటే ఒకరికి సైన్ స్క్వేర్ ఎక్స్ బై 2 వస్తుంది. పక్కవాడికి మైనస్ కాస్ స్క్వేర్ ఎక్స్ బై 2. పుస్తకం వెనక చూస్తే మైనస్ కాస్ 2ఎక్స్ బై 4! ముగ్గురివీ రైటే. మొదటి రెండింటికీ తేడా సగం, మొదటిదానికీ మూడోదానికీ తేడా పావు. ఆ తేడాలన్నీ చివరి 'సి'లో కలిసిపోతాయి. అందుకే 'సి' రాయడం మరవకూడదు. అనుమానమొస్తే సమాధానాన్ని డిఫరెన్సియేట్ చేయండి. ప్రశ్న తిరిగొస్తే దిగుల్లేదు.

జేఈఈ మెయిన్‌లో ఇది మరీ ముఖ్యం. రైటుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. మనకొచ్చిన రూపం ఆప్షన్లలో ఉండకపోవచ్చు. ఐడెంటిటీతో మార్చి చూసుకున్నాకే గుర్తు పెట్టాలి.

పార్వతీపురం వైపు ఇంటర్ రెండో ఏడాదిలో చదివేదీ, ఇటు ప్లస్ టూలో చదివేదీ ఈ లెక్కలే. తెలుగు మీడియం అన్నయ్య పాత పుస్తకంలో 'సమాకలనం' అని కనిపిస్తే కంగారొద్దు, అది ఇంటిగ్రేషనే. ఆ పుస్తకం అభ్యాసాలకు నిక్షేపంగా పనికొస్తుంది.

ఈ రాత్రికి ఒకటి పట్టండి: కాస్ పవర్ 4 ఎక్స్. కాస్ 2ఎక్స్ సూత్రం రెండుసార్లు వాడాలి. 3ఎక్స్ బై 8, సైన్ 2ఎక్స్ బై 4, సైన్ 4ఎక్స్ బై 32... ఈ మూడింటి మొత్తం వస్తే లెక్క కుదిరినట్టే. ప్లస్ సి ఉందో లేదో చూసుకోండి.